అందలూసియా ముస్లిముల ఇంటి తోటలు

ముస్లిముల నాగరికతా చరిత్రను వ్రాసేవారు సాధారణంగా మసీదులను గురించి, కోటలను గురించి, గ్రంథాలయాలను, యుద్ధాలను గురించి విస్తారంగా వ్రాస్తారు. స్పెయిన్ ప్రసక్తి వచ్చినప్పుడు కుర్తుబాలోని జామె మసీదు, గర్నాతాలోని అల్‌హమ్రా మహలు, ఇబ్ను రుష్ద్ తత్త్వశాస్త్రం ముందుకు వస్తాయి. ఇవి గొప్ప విషయాలే. అయితే ఆ జామె మసీదులో నమాజు ముగించుకొని ఇంటికి వెళ్ళిన సామాన్యుడు తన పెరటిలో ఏమి నాటుకున్నాడు, దానిని ఎట్లా పెంచాడు, దాని నుంచి ఇంటిల్లిపాది ఏమి తిన్నారు అనే ప్రశ్న వేసేవారు అరుదు.

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చును. కాని 1609వ సంవత్సరం సెప్టెంబరు 22వ తేదీన వెలెన్సియా నగరంలో చాటించబడిన ఒక రాజాజ్ఞను చూస్తే దాని బరువు తెలుస్తుంది. బలవంతంగా క్రైస్తవంలోకి మార్చబడిన ముస్లిముల సంతతి వారిని స్పెయిన్ ప్రజలు మోరిస్కోలు అని పిలిచేవారు. వారందరినీ దేశం నుంచి వెళ్ళగొట్టాలన్నదే ఆ ఆజ్ఞ. కాని అందులోనే ఒక మినహాయింపు కూడా వున్నది. ప్రతి నూరు ఇళ్ళకు ఆరు ఇళ్ళవారు ఉండిపోవచ్చును. ఇళ్ళు, చెరకు గానుగలు, వరి పంట, నీటి కాలువలు పాడుకాకుండా కాపాడటానికి, కొత్తగా వచ్చి స్థిరపడేవారికి ఆ పని తెలియజెప్పటానికి వారు అవసరం. ఆ ఆరు ఇళ్ళవారిని ఎంపిక చేసేటప్పుడు వయస్సు మళ్ళినవారికి, నేలను సాగుచేయటం తప్ప మరొక వృత్తి ఎరుగనివారికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆజ్ఞలో వ్రాయబడింది.

ఒక జాతిని మొత్తంగా వద్దనుకున్న ప్రభుత్వమే ఆ జాతిలోని ముసలి తోటమాలి లేనిదే తన నేల పండదని కాగితం మీద ఒప్పుకున్నది. ఆ ముసలివాని చేతిలో వున్న విద్య ఏమిటి? అది ఎక్కడి నుంచి వచ్చింది? అతడు వెళ్ళిపోయిన తరువాత అది ఏమయింది?

మదీనా ఖర్జూర వనాలు

అరబీలో వ్యవసాయాన్ని ఫిలాహా అంటారు. ప్రతి దినం అయిదుసార్లు అజాన్‌లో వినిపించే ఫలాహ్ అనే మాట కూడా ఈ ధాతువు నుంచే పుట్టింది. ఒకటి నేలను చీల్చి దున్నటం, మరొకటి సాఫల్యం. ఈ రెండు అర్థాల సంబంధాన్ని అందలూసియా వ్యవసాయ గ్రంథకర్తలు బాగా ఎరుగుదురు.

దివ్య ఖుర్‌ఆన్‌లో ఖర్జూరం, ద్రాక్ష, జైతూను, దానిమ్మ, అత్తి పేర్కొనబడ్డాయి. ఇవన్నీ ఏటేటా విత్తవలసిన పైర్లు కావు. ఒకసారి నాటితే తరాల తరబడి ఫలించేవి. అల్‌కహఫ్ సూరాలోని ఇద్దరు మనుషుల దృష్టాంతంలో ద్రాక్షతోటల చుట్టూ ఖర్జూరపు వరుస, నడుమ పైరు, మధ్య పారే కాలువ వున్నాయి. గాలికి అడ్డుగా ఎత్తయిన చెట్లు, వాటి మాటున తీగలు, వాటి నడుమ పంట అనే ఈ అమరిక అరబ్బులకు సుపరిచితమైనది. ఆ తోట ఎన్నటికీ నశించదని గర్వించిన యజమాని దానిని పోగొట్టుకున్న సంగతి కూడా అక్కడే చెప్పబడింది.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించగా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో చేరిన ఒక హదీసు సారాంశం ఇది: ముస్లిం నాటిన చెట్టు నుంచి గాని, విత్తిన పైరు నుంచి గాని పక్షి తిన్నా, మనిషి తిన్నా, పశువు తిన్నా అది అతనికి దానపుణ్యంగా లెక్కించబడుతుంది. ఇమాం అహ్మద్ ముస్నద్‌లోని మరొక హదీసు ప్రకారం, ప్రళయ ఘడియ వచ్చిపడినా చేతిలో ఖర్జూరపు పిలక వున్నవాడు వీలయితే దానిని నాటనే నాటాలి. ఇక్కడ పిలక అనే మాటను గమనించాలి. గింజ నుంచి మొలిచిన ఖర్జూరం పోతు చెట్టు కావచ్చు, కాసినా తల్లిచెట్టు గుణం దానికి రాకపోవచ్చు. అందుచేత అనుభవజ్ఞులు తల్లిచెట్టు మొదట పుట్టిన పిలకను వేరుచేసి నాటుతారు. అది కాపుకు రావటానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది. చివరి ఘడియలో నాటినవాడు ఆ పండు తినలేడు. అయినా నాటవలసిందే.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) బానిసత్వం నుంచి విడుదల పొందటానికి యజమానితో చేసుకున్న ఒప్పందంలో నలభై ఊఖియాల బంగారంతోపాటు మూడువందల ఖర్జూరపు మొక్కలు నాటి బ్రతికించి ఇవ్వాలనే షరతు వున్నది. సహచరులు తలా కొన్ని పిలకలు తెచ్చి ఇచ్చారు. గుంతలు త్రవ్విన తరువాత దైవప్రవక్త (స) స్వయంగా తన చేతులతో వాటిని నాటారని సీరా గ్రంథాలు తెలుపుతున్నాయి. హజ్రత్ అబూ తల్‌హా (రజి)కు మస్జిదె నబవీ ఎదుట బైరుహా అనే తోట వుండేది. దైవప్రవక్త (స) అందులోకి వెళ్ళి అక్కడి మంచినీరు త్రాగేవారు. ప్రియమైన దానిని వ్యయం చేయనిదే పుణ్యం సిద్ధించదనే అర్థం గల వాక్యం అవతరించినప్పుడు అబూ తల్‌హా ఆ తోటను అల్లాహ్ మార్గంలో ఇచ్చివేశారు. దైవప్రవక్త (స) సలహాపై అది ఆయన బంధువులకు పంచబడింది. ఈ విధంగా చెట్టు ఆస్తిగా, స్వేచ్ఛకు మూల్యంగా, దానంగా ముస్లిం సమాజపు తొలి జ్ఞాపకాలలోనే చోటుచేసుకున్నది.

రుసాఫా దానిమ్మ

ముస్లిములు 711లో స్పెయిన్‌లో అడుగుపెట్టారు. నలభై అయిదేళ్ళ తరువాత, అబ్బాసీల కత్తి నుంచి తప్పించుకొని వచ్చిన ఉమయ్యద్ వంశీయుడు అబ్దుర్రహ్మాన్ 756లో కుర్తుబాలో అమీరు అయినాడు. సిరియాలో తన తాత హిషామ్ నిర్మించిన రుసాఫా పేరునే అతడు కుర్తుబా శివారులోని తన తోటకు పెట్టుకున్నాడు. అక్కడ ఒంటరిగా నిలిచిన ఖర్జూర వృక్షాన్ని చూసి, తనవలెనే అది కూడా పరదేశి అని అతడు కవిత్వం చెప్పినట్లు ప్రసిద్ధి.

పదిహేడవ శతాబ్దపు చరిత్రకారుడు అల్‌మక్కరీ భద్రపరచిన ఒక కథనం ఇంటి తోటల చరిత్రకు మరింత సంబంధించినది. సిరియాలోని రుసాఫా నుంచి అమీరుకు కొన్ని దానిమ్మ పండ్లు వచ్చాయి. అతడు వాటిని కొలువులోని వారికి చూపించి పంచిపెట్టాడు. వారిలో సఫర్ అనే సైనికుడు తన వంతు పండును మాలఖా ప్రాంతంలోని తన గ్రామానికి తీసుకుపోయి, గింజలు నాటి, ఓపికతో పెంచి, చెట్టు కాసిన తరువాత ఆ పండ్లను అమీరుకు సమర్పించాడు. అమీరు ఆశ్చర్యపడి, ఆ చెట్టును తన తోటలో కూడా నాటించాడు. ఆ దానిమ్మకు సఫరీ అనే పేరు స్థిరపడింది. కథలో అతిశయం కొంత వుండవచ్చును. కాని ఆ రకానికి రాజు పేరు కాకుండా నాటినవాని పేరు నిలిచిందన్నది గమనించదగినది. కొత్త మొక్క రాజోద్యానం నుంచి సామాన్యుని పెరటికి, పెరటి నుంచి తిరిగి రాజోద్యానానికి ఏ దారిన నడిచిందో ఈ కథ సూచిస్తున్నది.

వ్యవసాయ గ్రంథాలు, వాటి కర్తలు

పదవ శతాబ్దం నాటికి ఈ విద్య గ్రంథస్థం కావటం ఆరంభమయింది. 961 ప్రాంతంలో కుర్తుబాలో వెలువడిన పంచాంగం వంటి ఒక గ్రంథం నెలనెలా తోటలో చేయవలసిన పనులను చెపుతుంది. మార్చిలో అత్తికి అంటు కట్టటం, చెరకు నాటటం వంటివి అందులో వున్నాయి. ఈ పుస్తకంతో వైద్యుడు, చరిత్రకారుడు అయిన అరీబ్ ఇబ్ను సఅద్ పేరు, రబీ ఇబ్ను జైద్ అనే క్రైస్తవ బిషప్పు పేరు ముడిపడి వున్నాయి. తోట విషయంలో ఆనాటి ముస్లిములు, క్రైస్తవులు ఒకరి వద్ద ఒకరు నేర్చుకోవటానికి సంకోచించలేదు.

పదకొండవ శతాబ్దంలో కుర్తుబా ఖిలాఫత్ చీలిపోయి చిన్న చిన్న రాజ్యాలు ఏర్పడ్డాయి. రాజకీయంగా ఇది పతనమే. కాని ప్రతి చిన్న రాజు ఒక ఉద్యానవనం, దానికొక పండితుడు వుండాలని కోరుకోవటం వల్ల వ్యవసాయ విద్యకు మంచి రోజులు వచ్చాయి. తులైతులా (టొలెడో)లో అల్‌మామూన్ తోటను ఔషధ శాస్త్రజ్ఞుడు ఇబ్ను వాఫిద్ తీర్చిదిద్దాడు. ఆ నగరానికే చెందిన ఇబ్ను బస్సాల్ హజ్ యాత్ర చేసి, సిసిలీ, ఈజిప్టులను కూడా చూసి వచ్చినవాడు. 1085లో టొలెడో క్రైస్తవ రాజు వశమయింది. అప్పుడు ఇబ్ను బస్సాల్ ఇష్బీలియా (సెవిల్)కు చేరుకొని అక్కడి రాజు అల్‌ముఅతమిద్ తోటలో తన పని కొనసాగించాడు. ఊరు పోయినా విద్య మనిషి వెంట నడిచింది.

ఇబ్ను బస్సాల్ గ్రంథం సంక్షిప్త రూపంలో లభ్యమై, 1955లో తెతువాన్‌లో అచ్చయింది. పదహారు అధ్యాయాల ఆ పుస్తకంలో పూర్వ గ్రంథకర్తల పేర్లు దాదాపు కనిపించవు. చెప్పినదంతా తన చేతి అనుభవమే. గర్నాతాకు చెందిన అత్తిఘ్నరీ, సెవిల్‌కు చెందిన ఇబ్ను హజ్జాజ్, అబుల్ ఖైర్ కూడా ఈ కోవలోనివారే. వీరందరి కృషిని ఒకచోట చేర్చినవాడు పన్నెండవ శతాబ్దం చివరలో సెవిల్‌లో జీవించిన ఇబ్నుల్ అవ్వామ్. ఆయన కితాబుల్ ఫిలాహాలో 585 మొక్కల ప్రస్తావన వున్నదని లెక్కవేశారు. యాభైకి పైగా పండ్ల చెట్ల పెంపకం వివరించబడింది. ఆయన ప్రాచీన గ్రీకు, రోమను, నబతీయ గ్రంథాల అభిప్రాయాలను ఉదహరిస్తూనే, సెవిల్ సమీపంలోని షరఫ్ కొండనేలలో తాను స్వయంగా చేసి చూసిన వాటిని వేరుగా గుర్తించి చెపుతాడు. కాయని చెట్టును గొడ్డలితో బెదిరించే తతంగం వంటి పాత నమ్మకాలు కూడా ఆ పుస్తకంలో లేకపోలేదు. విన్నది, చదివినది, చూసినది పక్కపక్కనే వున్న పుస్తకం అది.

నేల, నీరు, ఎరువు

ఈ గ్రంథాలు తోటను నేలతో ప్రారంభిస్తాయి. ఇబ్ను బస్సాల్ నేలలను పది రకాలుగా విభజించాడు. మెత్తనిది, బరువైనది, కొండనేల, ఇసుకనేల, నల్లనిది, తెల్లనిది, పచ్చనిది, ఎర్రనిది మొదలైనవి. ఏ నేలలో ఏ కాలంలో ఏ చెట్టు నిలుస్తుందో, దాని లోపాన్ని ఏ ఎరువుతో సవరించవచ్చునో అతడు చెపుతాడు. నీటిని వాననీరు, ఏటినీరు, ఊటనీరు, బావినీరు అని నాలుగుగా విభజించాడు. ఎరువులలో గుర్రం, గాడిద పేడ, గొర్రెల పెంట, పావురాల రెట్ట, ఇంటి చెత్త, స్నానశాలల పొయ్యి బూడిద అన్నీ వస్తాయి. పావురాల రెట్ట మిక్కిలి వేడి గలది గనుక కొద్దిగా వాడాలి. పచ్చి ఎరువుకన్న మాగిన ఎరువు మేలు. వీధిలో పారవేసే చెత్త, హమామ్ బూడిద సైతం లెక్కలోకి రావటాన్ని బట్టి ఈ విద్య రాజులకు మాత్రమే ఉద్దేశించినది కాదని స్పష్టమవుతుంది.

చెట్లను పెంచే విధానాలలో గింజ నాటటం ఒకటి మాత్రమే. అత్తి, దానిమ్మ, ద్రాక్షలకు కొమ్మ ముక్క చాలును. జైతూనుకు లావైన కొమ్మను గాని, మొదటి పిలకను గాని వాడతారు. తీగను వంచి మట్టిలో కప్పి, వేరు పోసిన తరువాత వేరుచేయటం మరొక పద్ధతి. అంటు కట్టటం అన్నిటికన్న నేర్పుతో కూడిన పని. పొరుగువాని తోటలో మంచి చెట్టు వున్నదంటే, ఒక కొమ్మ అడిగి తెచ్చుకొని అదే గుణం గల చెట్టును తన పెరటిలో నిలుపుకోవచ్చును. డబ్బు లేనివాడు కూడా మంచి తోటకు యజమాని కావటానికి ఈ విద్య దారి చూపింది.

షరీఅత్ చట్టం కూడా దీనికి తోడ్పడింది. సొంత నేల లేనివాని కోసం ముగారసా అనే ఒప్పందం మాలికీ మజ్‌హబ్‌లో అభివృద్ధి చెందింది. అందలూసియాలో అమలులో వున్న మజ్‌హబ్ ఇదే. ఈ ఒప్పందం ప్రకారం ఒకడు మరొకని నేలలో చెట్లు నాటి, అవి కాపుకు వచ్చేవరకు పెంచుతాడు. కాపుకు వచ్చిన తరువాత చెట్లలోనే కాదు, నేలలో కూడా అతనికి నిర్ణీత భాగం లభిస్తుంది. ముసాఖాత్ అనే మరొక ఒప్పందంలో అప్పటికే వున్న తోటకు నీరుపెట్టి సాకినవానికి పంటలో వాటా దొరుకుతుంది. ఏటేటా విత్తే పైరుకు కౌలు చాలును. పదేళ్ళ తరువాత ఫలించే చెట్టుకు మాత్రం పదేళ్ళ భరోసా కావాలి. ఆ భరోసాను ఇచ్చినది చట్టం.

ఇల్లు, దాని తోట

ఇంటి తోట ఎట్లా వుండాలో అన్నిటికన్న స్పష్టంగా చెప్పినవాడు అల్‌మరియ్యా (అల్మేరియా) వాసి ఇబ్ను లుయూన్. ఆయన 1282లో జన్మించి 1349లో మరణించాడు. ఇబ్ను బస్సాల్, అత్తిఘ్నరీల విద్యను సులభంగా కంఠస్థం చేసుకోవటానికి వీలుగా ఆయన దానిని పద్యరూపంలో సంగ్రహించాడు. ఆ రచన యొక్క వ్రాతప్రతి 1348 నాటిది. దీనిని జొవాకినా ఎగువారస్ స్పానిష్ అనువాదంతో 1975లో గర్నాతాలో ప్రకటించింది.

ఆయన ప్రకారం తోట నడుమ కట్టే ఇల్లు కొంచెం ఎత్తయిన చోట, దక్షిణాభిముఖంగా వుండాలి. బావి గాని, నీటితొట్టి గాని ఎగువన వుండాలి. అట్లా వుంటే నీరు తనంతట తానే పల్లానికి పారుతుంది. బావికి బదులు నీడలో పారే కాలువ అయినా మంచిదే. తొట్టి పక్కన ఆకు రాలని పొదలు, కొంచెం దూరంగా రకరకాల పూలమొక్కలు, ఇంకా దూరంగా నిత్యం పచ్చగా వుండే చెట్లు నాటాలి. సరిహద్దు పొడుగునా ద్రాక్ష తీగలు ప్రాకించి, వాటి పందిళ్ళ క్రింద నడిచే దారులు ఏర్పరచాలి. అత్తి వంటి చెట్లు వెనుక భాగాన వుండాలి. బాగా పెరిగే పండ్ల చెట్లను ఉత్తరపు గాలికి అడ్డు వచ్చేటట్లు, సూర్యరశ్మికి మాత్రం అడ్డు రాకుండా నాటాలి. మధ్య నాలుగు వైపులా చూడటానికి వీలైన చిన్న మండపం, దాని మీదికి ప్రాకే గులాబీ వుండాలి. తోట వెడల్పుకన్న పొడవు ఎక్కువగా వుంటే చూపు విశాలంగా సాగుతుంది. పశువుల కొట్టము, పనిముట్ల గది, పావురాల గూడు కూడా ఈ అమరికలో భాగమే.

ఇందులో అలంకారం వున్నది, ఉపయోగమూ వున్నది. రెండింటికీ వేర్వేరు చోట్లు కేటాయించలేదు. నడిచే దారికి నీడనిచ్చే తీగే ద్రాక్షపండ్లను ఇస్తుంది. గాలిని ఆపే చెట్టే కాయను ఇస్తుంది. పావురం గూడు ఎరువును ఇస్తుంది. స్నానశాలకు, అడుగు కడగటానికి వాడే నీరే చెట్టు మొదటికి పోతుంది. గోరింట, గులాబీ, కుంకుమపువ్వు, మల్బరీ వంటివి రంగుకు, అత్తరుకు, ఔషధానికి, పట్టుపురుగుల మేతకు ఉపయోగపడ్డాయి. అల్మేరియా ఆ కాలంలో పట్టు వస్త్రాలకు పేరుపొందిన రేవు.

ఇబ్ను లుయూన్ ఈ పుస్తకం వ్రాసేనాటికి అందలూసియా ఏ స్థితిలో వున్నదో కూడా గుర్తుంచుకోవాలి. కుర్తుబా 1236లో, సెవిల్ 1248లో చేజారిపోయాయి. మిగిలినది గర్నాతా రాజ్యం మాత్రమే. ఆ వ్రాతప్రతి తయారైన 1348లోనే మహమ్మారి ప్లేగు అల్మేరియాను తాకింది. అటువంటి కాలంలో ఒక వృద్ధ పండితుడు అత్తిచెట్టు ఎక్కడ నాటాలో, ద్రాక్ష పందిరి ఎట్లా వేయాలో యువకులు కంఠస్థం చేయటానికి పద్యాలు కూర్చాడు. చేతిలోని పిలకను నాటమన్న హదీసుకు ఇంతకన్న వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

తూర్పు నుంచి ప్రయాణించిన మొక్కలు

ఈ తోటలలోని అనేక మొక్కల పుట్టినిల్లు భారతదేశం, దాని తూర్పున వున్న దేశాలు. సంస్కృతంలోని నారంగం ఫార్సీలో నారంగ్ అయి, అరబీలో నారంజ్ అయి, స్పానిష్‌లో నరంహ అయింది. తెలుగువారు దానినే నారింజ అంటున్నారు. వంకాయకు సంస్కృతంలో వున్న ఒక పేరు ఫార్సీ మీదుగా అరబీలో బాదింజాన్‌గా, అక్కడ నుంచి స్పానిష్‌లో బెరెన్హేనగా మారింది. చెరకు, నిమ్మ, అరటి, చామ కూడా పడమటికి సాగిపోయాయి. కృష్ణా, గోదావరి తీరాల తెలుగువానికి తన పెరటిలో నిత్యం కనిపించే మొక్కలు వెయ్యేళ్ళ క్రితం కుర్తుబా పెరటిలో పరదేశులుగా పెరిగాయి.

ఈ విషయమై ఆధునిక చరిత్రకారులలో వాదోపవాదాలు వున్నాయి. ఆండ్రూ వాట్సన్ అనే చరిత్రకారుడు 1974లో ఒక వ్యాసంలోను, 1983లో ఒక గ్రంథంలోను, ఇస్లాం తొలి శతాబ్దాలలో పద్దెనిమిది పంటలు తూర్పు నుంచి పడమటికి వ్యాపించి వ్యవసాయంలో విప్లవం తెచ్చాయని వాదించాడు. ముస్లిం రచయితలు చాలామంది దీనిని సంతోషంతో స్వీకరించారు. అయితే మైకేల్ డెక్కర్ 2009లో వ్రాసిన వ్యాసంలో ఆ జాబితాలోని వరి, ప్రత్తి, గట్టి గోధుమ, ఆర్టిచోక్ అనే నాలుగు ఇస్లాంకు పూర్వమే మధ్యధరా ప్రాంతంలో సాగులో వుండేవని చూపించాడు. కాలువల విషయంలో కూడా రోమనుల కాలపు పనులు కొన్ని స్పెయిన్‌లో ముందే వున్నాయి.

ఈ సవరణను అంగీకరించటం వల్ల అందలూసియా ముస్లిముల ఘనతకు లోటు ఏమీ రాదు. మొక్కను మొట్టమొదట ఎవరు తెచ్చారన్నది ఒక ప్రశ్న. దానిని ఎండ, చలి, నేల వేరైన దేశంలో బ్రతికించి, ప్రతి ఇంటికి అందుబాటులోకి తెచ్చి, ఆ విధానాన్ని ముందు తరాలకు వ్రాసి పెట్టినది ఎవరన్నది మరొక ప్రశ్న. రెండవ ప్రశ్నకు సమాధానం ఆ గ్రంథాలలోనే వున్నది. లేని గొప్పను కల్పించుకోవటం అల్‌కహఫ్ సూరాలోని తోట యజమాని దారి.

తోటమాలి పోయిన తరువాత

గర్నాతా 1492 జనవరి 2న లొంగిపోయింది. ముస్లిముల మతానికి, ఆస్తులకు రక్షణ కల్పిస్తామని చేసిన ఒప్పందం పదేళ్ళు కూడా నిలవలేదు. కార్డినల్ సిస్నెరోస్ ఆధ్వర్యంలో బలవంతపు మతమార్పిడులు జరిగాయి. గర్నాతాలో అరబీ గ్రంథాలు రాశులుగా పోసి తగులబెట్టబడ్డాయి. వైద్య గ్రంథాలను మాత్రం దహనం నుంచి మినహాయించారు. అదే సిస్నెరోస్ కోరికపై గాబ్రియెల్ అలొన్సో దె హెర్రేరా రైతుల కోసం స్పానిష్ భాషలో ఒక వ్యవసాయ గ్రంథం వ్రాయగా, అది 1513లో వెలువడింది. హెర్రేరా గర్నాతాలో నివసించి, అక్కడి ముస్లిం తోటమాలుల పనిని చూసినవాడు. పుస్తకాన్ని కాల్చినవారికే ఆ పుస్తకంలోని విద్య కావలసి వచ్చింది.

1567లో అరబీ భాష, ముస్లిం వేషధారణ, స్నానశాలలు నిషేధించబడ్డాయి. 1568 చివర అల్‌పుహర్రా కొండలలో తిరుగుబాటు చెలరేగింది. దానిని అణచివేసిన తరువాత గర్నాతా మోరిస్కోలను దేశం లోపలి ప్రాంతాలకు చెదరగొట్టారు. ఉత్తరాది నుంచి తెచ్చి స్థిరపరచినవారికి మెట్ల పొలాలకు నీరు పెట్టే విధానం గాని, మల్బరీ పెంపకం గాని తెలియదు. అనేక గ్రామాలు పాడుబడ్డాయి. చివరకు 1609 నుంచి 1614 వరకు సుమారు మూడు లక్షల మంది మోరిస్కోలు దేశం నుంచి వెళ్ళగొట్టబడ్డారు. వెలెన్సియా రాజ్యం తన జనాభాలో దాదాపు మూడవ వంతును కోల్పోయింది. నూటికి ఆరు ఇళ్ళ మినహాయింపు ఆ నష్టాన్ని పూడ్చగలిగినది కాదు. ఒక ముసలివాడు కాలువ తూము ఎప్పుడు ఎత్తాలో చెప్పగలడు. కాని అతనితోపాటు ఆ కాలువను ఏటా పూడిక తీసే ఊరు కూడా వుండాలి.

రెండు శతాబ్దాల తరువాత స్పెయిన్ ప్రభుత్వం తన వ్యవసాయాన్ని బాగుచేసుకోవాలని తలచినప్పుడు ఎస్కోరియల్ గ్రంథాలయంలోని అరబీ వ్రాతప్రతులను వెతకవలసి వచ్చింది. హొసే ఆంతోనియో బంకేరి అనే క్రైస్తవ మతాచార్యుడు ఇబ్నుల్ అవ్వామ్ గ్రంథాన్ని స్పానిష్‌లోకి అనువదించి, అరబీ మూలంతో సహా 1802లో మాద్రిద్‌లో రెండు సంపుటాలుగా ప్రకటించాడు. దాదాపు ఆరువందల ఏళ్ళ నాటి సెవిల్ ముస్లిం అనుభవం అచ్చులో తిరిగి రైతు వద్దకు చేరే ప్రయత్నం అది.

నేటికీ మిగిలినవి

గర్నాతాలోని అల్‌బైజీన్ కొండ మీద తోటతో కూడిన ఇంటిని నేటికీ కార్మెన్ అంటారు. ద్రాక్షతోట అనే అర్థం గల కర్మ్ అనే అరబీ మాట నుంచి అది వచ్చింది. గోడల లోపల ద్రాక్ష పందిరి, దానిమ్మ, నారింజ, అత్తి, మధ్య చిన్న నీటితొట్టి వుండే ఈ ఇళ్ళలో ఇబ్ను లుయూన్ అమరిక ఛాయలు కనిపిస్తాయి. కాలువకు అసేకియ, నీటి చక్రానికి నోరియ, నీటి నిల్వకు అల్‌హీబె అనే స్పానిష్ మాటలు అరబీలోని సాఖియా, నావూరా, జుబ్బ్ అనేవే. వెలెన్సియాలో కాలువ నీటి తగాదాలను పరిష్కరించే రైతుల న్యాయసభ ప్రతి గురువారం మధ్యాహ్నం కెథెడ్రల్ వాకిట సమావేశమవుతుంది. పూర్వం జామె మసీదు వున్న స్థలమది. యునెస్కో ఆ సభను 2009లో మానవజాతి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. గర్నాతా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటీవలి సంవత్సరాలలో గ్రామస్థులతో, స్వచ్ఛంద సేవకులతో కలిసి పాడుబడిన పాత కాలువలను తిరిగి త్రవ్విస్తున్నారు. అల్‌బైజీన్ ఇళ్ళకు, తోటలకు నీరు తెచ్చిన అయినదమార్ కాలువ వాటిలో ఒకటి. వర్షాలు సన్నగిల్లిన కాలంలో ఆ కాలువల అవసరం కొత్తగా అర్థమవుతున్నది.

వెళ్ళగొట్టబడినవారు ఏమయినారు? చాలామంది ఉత్తర ఆఫ్రికాకు చేరుకున్నారు. ట్యునీషియాలో మెజర్దా నది ఒడ్డున వారు నిర్మించుకున్న తెస్తూర్ పట్టణంలో మసీదు గోపురం స్పెయిన్ పద్ధతిలో వున్నది. ఆ ఊరు నేటికీ దానిమ్మ తోటలకు ప్రసిద్ధి. సిరియా నుంచి కుర్తుబాకు వెళ్ళిన పండును ప్రేమించినవారి సంతతి, ఎనిమిది శతాబ్దాల తరువాత దేశం పోగొట్టుకొని వచ్చి, కొత్త నేలలో మళ్ళీ గుంత త్రవ్వి దానిమ్మ నాటుకున్నది.

తెలుగునాట ఒక ముస్లిం ఇంటి పెరటిలో బావి పక్కన దానిమ్మ, గోడవార గోరింట, వాకిట నిమ్మచెట్టు కనిపిస్తే అది అందలూసియా నుంచి వచ్చిన సంప్రదాయమని చెప్పటం సరికాదు. ఆ మొక్కలు ఈ నేలలో అంతకన్న ముందే వున్నాయి. కాని వాటిని నాటిన అవ్వ, వాటి కాయలను పొరుగింటికి పంపిన తల్లి, మెట్ల మీద కూర్చున్న పక్షిని తోలకుండా వదిలిన తాత ఏ విశ్వాసంతో ఆ పని చేశారో, అదే విశ్వాసం కుర్తుబా పెరటిలో కూడా వుండేది. ఇంటి చోటు చిన్నదై, పెరడు సిమెంటుతో కప్పబడుతున్న ఈ రోజులలో కూడా ఒక కొమ్మ ముక్క, ఒక తొట్టి మట్టి, ఇంట్లో వాడిన నీరు చాలును. నాటినవాడు తినకపోయినా తినేవారు వుంటారు. అందలూసియా తోటమాలి విడిచిపోయిన ఆస్తి ఇదే.